అమ్మ ముఖం, పద్నాలుగో షీటు

అక్క పోయిన రోజునే భూతద్దం కూడా పోయింది.

మొదటిది ఉదయం ఏడింటికి జరిగింది. దానికి ఎవరూ చేయగలిగిందేమీ లేదు. రెండోది ఎప్పుడు జరిగిందో ఎవరికీ తెలియదు. చెల్లెలు ఆ రోజంతా దానికోసమే వెతికింది. మందుల డబ్బాలో, దిండు గలీబుల్లో, బల్ల సొరుగుల్లో, చివరికి బియ్యం డబ్బాలో కూడా చూసింది. పలకరించడానికి వచ్చినవాళ్ళు ఆమె వెనకవెనకే గదులన్నీ తిరగాల్సి వచ్చింది.

"ఏం వెతుకుతున్నావమ్మా?"

"అక్క భూతద్దం."

"ఇప్పుడెందుకమ్మా అది?"

ఆమె జవాబు చెప్పలేదు. ఇరవై ఆరేళ్ళుగా పిల్లల నోటుబుక్కులు దిద్దుతున్న టీచరు ఆమె. తెలియని ప్రశ్నకి ఏదో ఒకటి రాసి పేజీ నింపడం ఆమెకి గిట్టదు.

అది ఇత్తడి పిడి ఉన్న భూతద్దం. పిడి మీద బొటనవేలు ఆనేచోట అరిగి గుంట పడింది. ముప్పై ఒక్క ఏళ్ళు అక్క దాంతోనే అంగారకుణ్ణి చూసింది.

అక్క పటాల ఆఫీసులో పనిచేసేది. వ్యోమనౌకలు పంపిన ఫొటోలను పెద్ద పెద్ద కాగితాల మీద అచ్చువేసి ఆమె బల్ల మీద పెట్టేవాళ్ళు. వాటిలో కొండ ఏదో, గొయ్యి ఏదో, ఎండిన కాలువ ఏదో గుర్తుపట్టి, పైన పలచటి ట్రేసింగ్ కాగితం పరిచి గీయాలి. ఒక్కో షీటుకి నెలలు పట్టేది. ఈ ఉద్యోగం వీధిలో ఎవరికీ ఓ పట్టాన అర్థమయ్యేది కాదు. "మీ అక్క అక్కడికి ఎప్పుడు వెళ్తుందమ్మా?" అని పాలవాడు అడిగితే, "బస్సు వేయగానే" అని అక్కే లోపలినుంచి అరిచేది.

ఆ ఆఫీసు గోడ మీద ఒక బోర్డు ఉంది. "కొలిచింది రాయండి. పోల్చింది ఇంటికి తీసుకుపోండి." ఎప్పుడో ఒక కొత్త ఉద్యోగి, రూపం పేరు రాయాల్సిన గడిలో 'పడుకున్న ఏనుగు' అని రాశాడట. అది ఎవరి కంటా పడకుండా అచ్చుదాకా వెళ్ళిందట. అప్పటి పెద్దాయన ఆ బోర్డు రాయించాడు. నవ్వులాటకి రాయించింది కాదు. కంటికి ముఖాల పిచ్చి. రెండు మచ్చలు, కింద ఒక గీత కనిపిస్తే చాలు, కళ్ళూ నోరూ అనేస్తుంది. ఒకసారి ముఖం అనుకున్నాక ఇక ఆ చోట కొలత నిలవదు. గీత ముఖం వైపుకి జారుతుంది.

అక్క బోర్డులో ఉన్నదాన్ని అక్షరాలా పాటించింది. పోల్చినవన్నీ ఇంటికి తీసుకొచ్చింది. అందుకోసం ఒక పొడుగు రూళ్ళ పుస్తకం పెట్టుకుంది. అందులో మూడు గడులు. షీటు నంబరు. అనిపించింది. నిజానికి. సాయంత్రం కుర్చీ మీదకి కాళ్ళు జాపుకుని, ఎదురుగా నోటుబుక్కులు దిద్దుకుంటున్న చెల్లెలికి చదివి వినిపించేది.

"ఒసేయ్ పంతులమ్మా, ఇవాళ వేటగాళ్ళు దొరికారే."

"ఎంతమంది?"

"ఆరుగురు. చేతులు పట్టుకుని గంతులేస్తున్నారు, పాతకాలం వాళ్ళు గుహ గోడల మీద గీసుకునేవాళ్ళు చూడు, అచ్చం అలాగే. చివరివాడు తాగి ఉన్నాడు."

"నిజానికి?" అని అడగడం చెల్లెలి వంతు.

"నిజానికి గాలి పోసిన ఇసుక. చివరిది సగం చెదిరిపోయింది."

అలా ఆ పుస్తకం నిండా జనం చేరారు. మూపురమున్న ఎద్దు, నిజానికి గడ్డకట్టిన లావా అంచు. రంగు ఊది వేసిన ఐదు చేతి ముద్రలు, నిజానికి ఉల్కలు పడ్డ చిన్న గోతులు. రాతిలో చెక్కిన బోసినోటి ముసలమ్మ, నిజానికి ఒక పక్క విరిగిపడిన మెట్ట. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆమె చదివి వినిపించిన ఒక్క వరసలోనూ మూడో గడి ఖాళీగా లేదు.

"అంత నమ్మకం లేనప్పుడు మొదటిది రాయడం దేనికే?" అని చెల్లెలు ఒకసారి అడిగింది.

"నమ్మకం లేకేం? గుహలో కూర్చున్నవాడు కూడా నా పనే చేశాడు. గోడ మీద బుడిపె చూశాడు, ఎద్దు మూపురం అనుకున్నాడు, మిగతా ఎద్దుని గీసేశాడు. వాడి నెత్తిన సూపర్‌వైజర్ లేడు, అదృష్టవంతుడు. నాకుంది. అందుకని నేను రెండూ రాసుకుంటా."

ఆఖరి రెండు నెలలూ అక్క మంచం మీదే పనిచేసింది. సెలవు పెట్టమంటే, "పద్నాలుగో షీటు సగంలో ఉంది" అంది. ఒడిలో పలక, పలక మీద ఫొటో, చేతిలో భూతద్దం. మంచం మొదట్లో కిటికీ ఆమె ఎడమచేతి వైపుకి వచ్చేలా ఉండేది. ఎండలు ముదిరాక అక్కకి ఊపిరి ఆడటం కష్టమైంది. ఒక మధ్యాహ్నం చెల్లెలు మంచాన్ని ఒక్కతే ఈడ్చి, తల ఉన్నవైపు కాళ్ళూ కాళ్ళున్నవైపు తలా వచ్చేలా తిప్పి, కిటికీకి ఆనించి పెట్టింది.

"వెలుతురు కుడిపక్కకి పోయిందే," అంది అక్క.

"గాలి వస్తోందా లేదా?"

"వస్తోంది."

"అయితే నోరుమూసుకుని పడుకో."

అక్క నవ్వింది. ఆ తర్వాత పదకొండు రోజులకి షీటు పూర్తిచేసింది. మరో ఆరు రోజులకి పోయింది.

*

రెండు వారాల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం ఆఫీసునుంచి కొలబద్ద వచ్చాడు. అక్క పక్క బల్ల ఆయనది, పంతొమ్మిదేళ్ళుగా. పొడుగ్గా, సన్నగా, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్కేలుతో ఉండే మనిషి. అక్క పెట్టిన ఆ పేరే ఆఫీసంతటికీ అలవాటైపోయింది. ఇంట్లో ఉండిపోయిన ఫొటోలు తీసుకెళ్ళడానికి వచ్చానన్నాడు. అక్క కుర్చీ ఖాళీగా ఉన్నా గోడవారనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"గురువారం అచ్చు, చెల్లెమ్మా. మీ అక్క షీటు. కింద మూలన చిన్న పెట్టె కట్టి పేరు వేస్తున్నాం. 'ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క షీటూ వెనక్కి రాని మనిషి' అని. ఆ వాక్యం మా పై అధికారి, మేడమే స్వయంగా రాశారు."

టీచరు మంచినీళ్ళ గ్లాసు ఆయన చేతికిచ్చింది. "రెండో చూపు ఎవరిది అన్నయ్యగారూ?"

ప్రతి షీటునీ గీసినవాళ్ళు కాక ఇంకొకరు మొదటినుంచి చూడాలి. అదే చోటుని వేరే పూట తీసిన ఫొటో పక్కన పెట్టుకుని ప్రతి గీతనీ సరిచూడాలి. దాన్ని వాళ్ళు రెండో చూపు అంటారు. అక్క నోట విని విని ఆమెకీ ఆ మాటలన్నీ వచ్చు.

"నాదే. చూడ్డమేంటిలే, సంతకం పెట్టాను." ఆయన గ్లాసు కిందపెట్టి కాస్త గర్వంగానే చెప్పాడు. "ఆవిడ ఆఖరి షీటు నేను దిద్దడమేంటమ్మా? కళ్ళజోడు తీసి పక్కనపెట్టి మరీ సంతకం చేశాను. అదీ నేను ఆవిడకిచ్చే మర్యాద."

టీచరు తల వంచుకుని గ్లాసు తీసింది. ఎవరి పరీక్ష పేపరైనా చదవకుండా మార్కులు వేసేశానని ఎదుటివాళ్ళు చెబితే ఎలా ఉంటుందో అలా ఉంది ఆమెకి.

"మీకు తెలుసో లేదో," అన్నాడాయన, ఆ తల వంచుకోవడాన్ని ఏడుపు అనుకుని, మాట మార్చడానికి. "నాకు ఎనిమిదో షీటులో మా మామగారు కనిపించారు. మీసాలతో సహా. భయపడి భూతద్దం జారవిడిచాను. మీ అక్క చూసి, 'కంగారుపడకు, అది పూడిపోయిన కాలువ, నిన్ను ఏమీ అడగదు' అంది."

ఇద్దరూ నవ్వారు. ఆ గదిలో చాలా రోజుల తర్వాత వినిపించిన నవ్వు అది.

ఫొటోల కట్ట ఇచ్చేటప్పుడు టీచరు ఒకటి మాత్రం ఆపుకుంది. "ఇది మంగళవారం నేనే తెచ్చి ఇస్తాను. ఇందులో అక్కకి ఏదో కనిపించింది. పుస్తకంలో రాసుకుంది."

"ఏం కనిపించిందట?"

"అమ్మ."

కొలబద్ద తలూపి చెప్పులు వేసుకున్నాడు.

పోలికల పుస్తకంలో ఆఖరి వరస అదే. షీటు నంబరు పద్నాలుగు. అనిపించింది: 'అమ్మ. ఎడమ కనుబొమ్మ పైకెత్తి మరీ.' అక్షరాలు వంకర పోయాయి కానీ చదవడానికి కష్టం లేదు. టీచరు ఈ రెండు వారాల్లో ఆ వరసని ఎన్నోసార్లు చదివింది. అమ్మ బట్టలు కుట్టేది. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. ఎవరైనా కొలతలు నోటితో చెబితే ఎడమ కనుబొమ్మ పైకెత్తి చూసి, మళ్ళీ తనే కొలుచుకునేది. ముప్పై రెండేళ్ళయింది పోయి. ఒక్క ఫొటో కూడా లేదు. అందుకని టీచరుకి ఆ ముఖం చూడాలని ఉంది. చూడనివ్వకుండా భయపెడుతున్నది మాత్రం పక్క గడి. 'నిజానికి' అన్న చోట ఏమీ లేదు.

పరీక్షలో తెలివైన పిల్ల ఒక్క ప్రశ్న ఖాళీగా వదిలేస్తే, ఆమె ముందు ఆ ప్రశ్న దగ్గరే ఆగుతుంది. వ్యవధి చాలలేదా, తెలియలేదా, తెలిసి రాయబుద్ధి కాలేదా?

కొలబద్ద వెళ్ళిపోయాక ఆమె అక్క మంచం మీద కూర్చుంది. ఫొటోని పలక మీద పెట్టింది. మామూలు కంటికి అంతా ఒకటే బూడిద రంగు. సరిగ్గా అక్క ఆనుకున్నట్టే వెనక్కి ఆనుకుంది. మోచేయి పరుపు అంచు మీద ఆనింది. చేయి జారి పరుపుకీ కిటికీ గోడకీ మధ్య సందులోకి దిగింది. వేళ్ళకి చల్లగా ఇత్తడి తగిలింది.

ఇంట్లో అందరూ ఆ పరుపు దులిపారు. సందులో చేయి పెట్టాలని ఎవరికీ తోచలేదు. ఎందుకంటే అందులోకి చేయి జారాలంటే, ఒంట్లో శక్తి లేని మనిషిలా ఆనుకోవాలి.

ఆమె భూతద్దాన్ని చీరకొంగుతో తుడిచి ఫొటో మీద పెట్టింది. అమ్మ ఉంది.

వెతకాల్సిన పని కూడా లేకపోయింది. గుండ్రటి నుదురు, బుగ్గలు, సన్నటి ముక్కు. నేలలోంచి పైకి ఉబికి ఎండ కాచుకుంటున్నట్టుంది. ఎడమ కనుబొమ్మ ఎత్తి, ఏదీ నీ కొలత అని అడుగుతున్నట్టుంది. టీచరు సాయంత్రం వెలుతురు పోయేదాకా చూస్తూనే ఉండిపోయింది. అక్క ఆ చోట మెట్ట అని గీయడం, షీటు ఆఫీసుకి పంపేటప్పుడు ఆమె చూసింది. ఎందుకు గీసిందో అనుమానం లేదు. అది మెట్టే. ఎవరు చూసినా మెట్టే.

*

సోమవారం ఆమె ఆ ఫొటోని స్కూలుకి తీసుకెళ్ళింది. డ్రాయింగు మాస్టారికి చూపించాలని, అంతే. తనకి కనిపించింది ఇంకొకరికీ కనిపిస్తే బాగుండుననిపించింది. ఖాళీ పీరియడ్‌లో స్టాఫ్‌రూములో తన బల్ల మీద పరిచి, భూతద్దం పెట్టి, ముందు తను వంగి చూసింది.

అమ్మ లేదు. ఆ చోట ఒక గొయ్యి ఉంది.

ఆమె కళ్ళు మూసి తెరిచింది. గొయ్యే. నుదురనుకున్నది లోపలికి జారిన వాలు. ముక్కనుకున్నది అన్నిటికన్నా లోతైన చీలిక. కనుబొమ్మ, గోడ విరిగి జారి మధ్యలో నిలిచిపోయిన మట్టి.

"మాస్టారూ, ఒకసారి ఇటు రండి. ఇది కొండా, గొయ్యా?"

డ్రాయింగు మాస్టారు చేతికంటిన రంగు ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చాడు. "గొయ్యి. పెద్ద గొయ్యే. ఎవరో ముఖం బోర్లా పెట్టి అచ్చు గుద్దినట్టుంది. ఏంటి టీచర్, పిల్లలు తవ్వారా?"

"నిన్న ఇంట్లో చూస్తే కొండలా ఉంది."

"ఇంట్లో దీపం ఎటుపక్క?"

"దీపం కాదు, కిటికీ. కుడిపక్క."

ఆయన ఆమె బల్ల పక్కనున్న కిటికీ వైపు చూశాడు. అది ఎడమపక్క. అలమర తెరిచి, నాటకాలకి వాడే కాగితపు గుజ్జు మాస్కు ఒకటి తీశాడు. దాన్ని తిప్పి, లోపలి పక్కని ఆమెకి చూపిస్తూ గది అవతలికి నడిచాడు.

"ఇప్పుడు చూడండి. ముక్కు లోపలికుందా, బయటికా?"

లోపలికి ఉండాలి. ఉందని ఆమెకి తెలుసు. అయినా నాలుగడుగుల దూరంలో ఆ ముక్కు బయటికే పొడుచుకొచ్చింది. మాస్కు మామూలుగా ఆమె వైపే చూస్తోంది.

"ముఖం అని తెలిస్తే చాలు టీచర్, కన్ను వినదు. లోపలికున్నదాన్ని బయటికి తోసేస్తుంది. గుంట పడ్డ ముఖాన్ని పుట్టినప్పటినుంచి ఎక్కడైనా చూశామా? దానికితోడు వెలుతురు కూడా అటునుంచే పడితే, ఇక బ్రహ్మాండం. నాలాంటివాడు కూడా మోసపోతాడు."

"మీలాంటివారు కూడానా," అంది టీచరు.

"అదేనండి మరి. అంత ఘోరం."

ఆయన నవ్వుతున్నాడు. ఆమె ఫొటో అంచు చూసింది. ప్రతి ఫొటో అంచునా సూర్యుడు ఎటునుంచి ఉన్నాడో చెప్పే చిన్న బాణం ఉంటుంది. ఇందులో వెలుతురు ఎడమనుంచి. వెలుతురు ఎడమనుంచి వస్తే కొండకి ఎడమవైపు తెల్లగా ఉండాలి. ఇక్కడ ఎడమవైపు నల్లగా ఉంది. ఇంక అడగడానికేమీ లేదు.

అక్కకి ఆ బాణం సంగతి కళ్ళు మూసుకున్నా తెలుసు. కొత్తవాళ్ళకి మొదటిరోజు నేర్పేది అదే. కానీ కిటికీ కుడిపక్కకి వచ్చింది. గొయ్యిలో అమ్మ కనిపించింది.

ఆ మధ్యాహ్నం ఆమె ఏడో తరగతికి నదుల పాఠం చెప్పింది. ఒక్క మాట తడబడలేదు.

*

మంగళవారం సెలవు పెట్టి పటాల ఆఫీసుకి వెళ్ళింది. అక్కడ బల్లలన్నీ ఒకే తీరుగా ఉంటాయి. ప్రతి బల్ల మీదా దీపం ఎడమపక్కనే, స్క్రూలతో బిగించి ఉంటుంది. ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు చూసింది కానీ, ఎందుకు బిగించారో ఇవాళే అర్థమైంది. కొలబద్ద ఆమెని చూసి లేచి నిలబడ్డాడు.

"రా చెల్లెమ్మా. ఫొటో తెచ్చావా? కూర్చో, కూర్చో. ఆ కుర్చీ కాదు, అది కుంటుతుంది."

ఆమె ఫొటో బల్ల మీద పెట్టి, అమ్మ ఉన్నచోట వేలు పెట్టింది. "అన్నయ్యగారూ, ఇది గొయ్యి. అక్క మెట్ట అని గీసింది."

ఆయన ముఖం మారిపోయింది. "ఏమంటున్నావ్?"

"మీరే చూడండి."

"నేను చూడను." ఆయన గొంతు పెరిగింది. పక్క బల్లలవాళ్ళు తలెత్తారు. "పోయిన మనిషి తప్పులు పట్టడానికి వచ్చావా? అదీ తోడబుట్టినదానివి! ఎల్లుండి అచ్చు పెట్టుకుని? ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ళలో..."

"తెలుసు. ఒక్కటీ వెనక్కి రాలేదు. అందుకే వచ్చాను. ఇదే చోటుకి ఉదయం పూట ఫొటో ఉంటుందిగా, అది బయటికి తీయండి."

 ఆయన విసురుగా సొరుగు లాగి, అదే చోటుని ఉదయం పూట తీసిన ఫొటోని పైకి తీశాడు. అంచునున్న కాగితపు చుట్టు ఇంకా విప్పలేదు. దాన్ని విప్పుతున్నప్పుడు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి, కళ్ళజోడు పెట్టుకుని వంగాడు. ఉదయం ఫొటోలో వెలుతురు కుడినుంచి వస్తోంది. వెలుతురు వచ్చేవైపే నీడ ఉంది. కొండకి అలా ఉండదు.

ఆయన కళ్ళజోడు తీయలేదు. అలాగే వంగి ఉన్నాడు.

"నేను చూసుంటే ఐదు నిమిషాల పని," అన్నాడు చివరికి.

"మంచం తిప్పింది నేను," అంది టీచరు.

"ఏ మంచం?"

చెప్పింది. నాలుగు వాక్యాల్లో చెప్పింది. కిటికీ మొదట ఎటు ఉండేదో, తను ఎటు తిప్పిందో, అక్క ఏమందో, తను ఏమని నోరు మూయించిందో.

"ఎందుకు తిప్పావ్?"

"గాలి కోసం."

"గాలి వచ్చిందా?"

"వచ్చింది."

"మరింకేం," అన్నాడు కొలబద్ద. జేబులోంచి స్కేలు తీసి, కొలవడానికేమీ లేకపోయినా బల్ల అంచున పెట్టి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "పద. మేడంకి చెబుదాం. నువ్వు చెప్పకు, నేను చెబుతా. సంతకం నాది."

మేడం మెల్లగా మాట్లాడే మనిషి. అంతా విన్నాక రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుంది. కొలబద్దని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆయనకి ఎక్కువ శిక్ష అని ఆవిడకి తెలిసినట్టుంది.

"టీచరుగారూ, నేనొక మాటంటాను, ఏమనుకోకండి. ఈ చోట ఇప్పట్లో ఏదీ దిగదు. పదేళ్ళకి ఎవరైనా బండి దింపాలనుకుంటే అప్పుడు మళ్ళీ చూస్తారు, అప్పుడే దిద్దుకుంటారు. ఆవిడ ఆఖరి షీటు మీద ఈ మచ్చ ఎందుకు?"

"పదేళ్ళ తర్వాత దిద్దేవాళ్ళకి అక్క ఎవరో తెలియదు మేడం. ఎవరో ఒళ్ళు తెలియకుండా గీశారు అనుకుంటారు. ఇప్పుడైతే తెలిసినవాళ్ళం దిద్దుతాం."

మేడం కిటికీలోంచి బయటికి చూసింది. "దిద్దితే ఆ వాక్యం ఉండదు మరి. ఒక్క షీటూ వెనక్కి రాలేదన్నది."

టీచరుకి ఆ వాక్యం నోటికి వచ్చు. ఆదివారంనుంచి దాన్ని లోపల్లోపల ఎన్నిసార్లు చదువుకుందో లెక్కలేదు. అక్కకి మిగిలేది అదొక్కటే అనిపించింది చాలాసార్లు.

"తీసేయండి," అంది. "నిజం కాని వాక్యం పక్కన అక్క పేరు ఉండటం నాకిష్టం లేదు. అక్క అయితే ఈపాటికి మిమ్మల్ని గదిలోంచి పంపించి తనే కొట్టేసేది."

మేడం మొదటిసారి నవ్వింది. "నా గదిలోంచి నన్నా?"

"మూడుసార్లు పంపించింది మేడం," అన్నాడు కొలబద్ద. "మీకు గుర్తులేదేమో."

"గుర్తుంది." ఆవిడ కాగితం దగ్గరికి లాక్కుని, తను రాసిన వాక్యాన్ని ఒక్క గీతతో కొట్టేసింది. "ఏం రాయమంటారు మరి?"

"ముప్పై ఒక్క ఏళ్ళు గీశారు. అంతే చాలు."

కొలబద్ద ఆ రోజూ మర్నాడూ బల్ల మీదనుంచి లేవలేదు. రెండో చూపంటే ఒక్క గొయ్యితో సరిపోదు, షీటంతా చూడాలి. గొయ్యి అంచు గీతకి లోపలివైపు చిన్న చిన్న పళ్ళలాంటి గీతలు గీస్తారు. కొండకి అవి ఉండవు. అక్క గీసిన గుండ్రటి గీత గీతలాగే ఉంది, ఎక్కడా వణకలేదు. ఆయన దాన్ని చెరపకుండా లోపలివైపు పళ్ళు మాత్రం చేర్చాడు. బుధవారం సాయంత్రం స్కూలు వదిలే వేళకి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"నూట పదమూడు గుర్తులు చెల్లెమ్మా. నూట పన్నెండింటిలో వెంట్రుకవాసి తేడా లేదు. మంచం మీద పడుకుని, ఆ చేత్తో. నేను కుర్చీలో కూర్చుని, దీపం బిగించుకుని కూడా అలా గీయలేను. ఈ మాట నీకు చెప్పాలని వచ్చా."

"నాకు తెలుసు," అంది టీచరు.

"తెలుసనుకో. అయినా కొలిచి చెబుతున్నా."

తర్వాతి వారం షీటు వచ్చింది. కొత్త కాగితం వాసన, కింద మూలన చిన్న పెట్టె, అందులో అక్క పేరు, నాలుగే మాటలు. దాని కింద ఇంకా చిన్న అక్షరాల్లో, రెండో చూపు చూసినవాడి పేరు. టీచరు దాన్ని బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నోటుబుక్కులు పెట్టి, భూతద్దంతో పద్నాలుగో షీటు ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసింది. ఎవరి ముఖమూ కనిపించలేదు. గొయ్యి ఉంది, లోపలికి పళ్ళున్నాయి.

పోలికల పుస్తకం తెరిచి ఆఖరి వరసలో మూడో గడి నింపింది. ఎరుపు సిరా కాదు, అక్క వాడే పెన్సిలే వాడింది. 'గొయ్యి. లోతు నూట నలభై మీటర్లు.' రెండో గడిలో అమ్మ అన్న మాటని ముట్టుకోలేదు. అనిపించింది అనిపించిందే.

ఫొటో ఆఫీసుకి చేరింది. భూతద్దం బల్ల మీద, దీపం పక్కన ఉంది. దీపం ఎడమవైపుకి మార్చింది.

మంచం ఇంకా తిప్పలేదు.